దొంతన్‌పల్లి దారిలో జీపు

హైదరాబాదు నగరం నుంచి పడమరగా శంకరపల్లికి పోయే రోడ్డు మీద దొంతన్‌పల్లి అనే ఊరు ఉన్నది. ఆ ఊరి దగ్గర ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయం ఉండటం చేత ఎక్కడెక్కడి విద్యార్థులో అక్కడికి వచ్చి చదువుకుంటున్నారు. రోడ్డు మీద నుంచి చూస్తే మేడలూ, బస్సులూ, కార్లూ కనిపిస్తాయి. రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే మాత్రం సంగతి వేరు. అక్కడ చేలూ, కూరగాయల మళ్ళూ, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పెద్ద పెద్ద గుండ్లూ, వానాకాలంలో మాత్రమే పారే వాగులూ ఉంటాయి. దక్షిణ దిక్కున చేవెళ్ళ, మొయినాబాదు. చేవెళ్ళకు పోయే రోడ్డు పొడుగునా రెండు పక్కలా ముసలి మర్రిచెట్లు ఊడలు దించుకుని నిలబడి ఉంటాయి.

ఈ ప్రాంతంలో బాటసారిని ఆశ్చర్యపరిచేది నేల. ఇక్కడ రెండు రకాల నేలలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఎర్రటి చల్క నేల. కోట్లాది సంవత్సరాలుగా ఎండకూ వానకూ అరిగిన నల్లసానపు రాళ్ళ నుంచి అది పుట్టింది. అందులో ఇసుక పాలు ఎక్కువ గనక వాన నీరు త్వరగా ఇంకిపోతుంది. రెండోది నల్లరేగడి. పడమటగా, వికారాబాదు దిక్కున, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూగర్భం నుంచి ఉబికి వచ్చిన లావా గడ్డకట్టి రాయి అయింది. అలాంటి రాయి అరిగి ఏర్పడిన మట్టే రేగడి. దాని రేణువులు అతి సన్నం. నీరు తగిలితే ఉబ్బి జిగురు జిగురుగా అవుతుంది. ఎండితే నోళ్ళు తెరిచినట్టు పగుళ్ళు వేస్తుంది. ఎండాకాలంలో సిమెంటులా గట్టిగా ఉన్న బండ్ల బాటే, ఒక్క పెద్ద వాన పడితే, వెన్న రాసిన పళ్ళెంలా మారిపోతుంది.

ఇలాంటి బాటల కోసమే పుట్టిన బండి జీపు. 1940లో, రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతూ ఉండగా, రోడ్డు లేని చోట కూడా పోగల చిన్న మోటారు కావాలని అమెరికా సైన్యం వారు కోరారు. బాంటమ్ అనే కంపెనీ మొదటి నమూనా చేసి ఇచ్చింది. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి యుద్ధకాలంలో 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. యుద్ధం ముగిశాక జీపు పొలాలకూ అడవులకూ వచ్చింది. మన దేశంలో మహీంద్రా వారు 1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి కూర్చటం మొదలుపెట్టారు. 1985లో మారుతీ జిప్సీ, 2010లో మహీంద్రా థార్ వచ్చాయి. ఇప్పుడు సెలవు రోజున నగరం నుంచి ఇలాంటి బండ్లు వేసుకుని మట్టిబాటలు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు.

అయితే, జీపు ఉన్నంత మాత్రాన సరిపోదు. దానిలో ఉన్న బలాన్ని ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పంపించాలో తెలియాలి. అది తెలుసుకోవటానికి, రండి, మనం కూడా ఊహలో ఒక జీపు ఎక్కి దొంతన్‌పల్లి చుట్టుపక్కల తిరిగి వద్దాం. మన జీపు నడిపేది చాలా ఏళ్ళ అనుభవం గల ఒక తాత.

బయలుదేరే ముందు తాత అందరి చేతా సీటు బెల్టులు పెట్టించాడు. "బాట లేని చోట బండి అటూ ఇటూ ఒరుగుతుంది. చేతులూ తలలూ బయట పెట్టకండి. జీపు వెనక నిలబడి వేలాడటం సినిమాల్లో బాగుంటుంది, ఇక్కడ కాదు," అన్నాడు.

తారు రోడ్డు మీద జీపు మామూలు కారులాగే పోతున్నది. గేరు కడ్డీ పక్కన ఇంకొక పొట్టి కడ్డీ ఉన్నది. దాని మీద నాలుగు గుర్తులున్నాయి: 2హెచ్, 4హెచ్, ఎన్, 4ఎల్.

"ఇదేమిటి తాతా?" అని పిల్లలు అడిగారు.

"అదే ఈ బండి ప్రాణం," అన్నాడు తాత. "ఇంజను పుట్టించిన బలం ముందు గేరుపెట్టెలోకి పోతుంది. అక్కడి నుంచి ఇంకొక చిన్న పెట్టెలోకి వస్తుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. బలాన్ని వెనక చక్రాలకే పంపాలా, నాలుగింటికీ పంచాలా అని తేల్చేది ఆ పెట్టె. ఈ కడ్డీ 2హెచ్‌లో ఉంటే వెనక రెండు చక్రాలే నెడతాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. 4హెచ్‌లో ముందువి కూడా లాగుతాయి. 4ఎల్‌లో నాలుగూ పనిచేస్తాయి, కాని చాలా నెమ్మదిగా, చాలా బలంగా. పాత విల్లీస్ జీపులో ఈ పనికి రెండు పొట్టి కడ్డీలుండేవి. ఈనాటి కొన్ని బండ్లలో కడ్డీ బదులు బొత్తాము ఉంటుంది. జీపు ఆకారం చూసి మోసపోకండర్రా! ఆకారం అదే అయినా వెనక చక్రాలే నడిచే బండ్లు కూడా అమ్ముతున్నారు. పొట్టి కడ్డీ గాని, బొత్తాము గాని ఉందో లేదో ముందు చూసుకోవాలి."

కొంతదూరం పోయాక తాత జీపును ఎడమపక్క మట్టిబాటలోకి దించాడు. ముందు ఎర్ర చల్క వచ్చింది. రాత్రి వాన పడినా చక్రాలు గట్టిగానే పట్టుకున్నాయి. ఇంతలో ఒక మలుపు కనిపించింది. మలుపుకు ఇవతలే తాత బండి ఆపి, కిందికి దిగాడు. అక్కడ ఒక రైతు పశువులను తోలుకుపోతున్నాడు.

"అన్నా, ముందు బాట ఎట్లున్నది?" అని తాత అడిగాడు.

"రాత్రి వాన మంచిగ పడ్డది. గా మలుపు దాటినంక అంతా రేగడే. కాలు పెడితే పిక్కల దాక దిగుతది," అన్నాడు రైతు.

తాత ఒక కర్ర తీసుకుని మలుపు దాకా నడిచిపోయి, బురదలో అక్కడక్కడా గుచ్చి చూశాడు. పైన జానెడు బురద ఉన్నా అడుగున నేల గట్టిగానే ఉన్నది. తిరిగి వచ్చి కూర్చుని, క్లచ్చి నొక్కి, పొట్టి కడ్డీని 2హెచ్ నుంచి 4హెచ్‌లోకి జరిపాడు. ఎదుట ఉన్న పలక మీద చిన్న దీపం వెలిగింది.

"బురద ఇంకా రాలేదు కదా తాతా, ఇప్పుడే ఎందుకు?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అన్నాడు తాత. "చాలామంది బురదలో దిగబడి, వెనక చక్రాలు గిర్రున తిరుగుతూ గోతులు తవ్వాక, అప్పుడు ఈ కడ్డీ పట్టుకుంటారు. చక్రం గిర్రున తిరుగుతూ ఉండగా కడ్డీ లాగితే లోపల తిరిగే పళ్ళూ, తిరగని పళ్ళూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. విరిగినా విరగవచ్చు. కొన్ని బండ్లలో నెమ్మదిగా పోతూ ఉండగానే 4హెచ్ వేయవచ్చు. అయితే బండి తిన్నగా పోతూ ఉండాలి, చక్రాలు జారుతూ ఉండకూడదు, వేగం బండితో ఇచ్చిన పుస్తకంలో రాసినదానికి మించకూడదు. సందేహం ఉంటే బండి ఆపి వెయ్యటమే మేలు. పాత జీపుల్లో కొన్నింటికి ఇంకొక పని కూడా ఉంటుంది. ముందు చక్రాల నడిబొడ్డున ఒక తిప్పుడు బిళ్ళ ఉంటుంది. కిందికి దిగి రెండు పక్కలా దాన్ని చేత్తో తిప్పి బిగిస్తే గాని ముందు చక్రాలు లాగవు. ఆ పని బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చేసే కన్నా, ఎండునేల మీద చేసుకోవటం హాయి కదా!"

జీపు నెమ్మదిగా రేగడిలో ప్రవేశించింది. తాత యాక్సిలరేటరు ఒకే తీరున నొక్కి ఉంచాడు. వేగం పెంచలేదు, తగ్గించలేదు. రేగడి మట్టి టైర్ల గాళ్ళలో నిండి, వాటిని నున్నటి రోకళ్ళలా చేసింది. అయినా జీపు కదులుతూనే ఉన్నది.

రెండు చక్రాలతో కానిది నాలుగింటితో ఎలా అవుతుంది? దీనికి కారణం తెలుసుకోదగినది. వెనక రెండు చక్రాల నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరిక ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరమూ, లోపలి చక్రం తక్కువ దూరమూ పోవాలి గనక, రెండింటినీ వేరు వేరు వేగాలతో తిరగనిచ్చేది అదే. మంచి రోడ్డు మీద అది ఎంతో ఉపకారి. బురదలో మాత్రం అదే చిక్కు తెస్తుంది. ఒక చక్రానికి పట్టు దొరక్కపోతే, అది ఊరికే గిర్రున తిరుగుతుంది. రెండవ చక్రం గట్టి నేల మీద ఉన్నా, దానికి బలం అందక ఊరుకుంటుంది. నాలుగు చక్రాలూ కలిపితే, వెనక ఇరుసుకు పట్టు తప్పినా ముందు ఇరుసు లాగుతుంది. అయితే ముందు ఒకటి, వెనక ఒకటి రెండూ పట్టు తప్పితే, మామూలు ఫోర్ వీల్ డ్రైవు బండి కూడా నిలబడిపోతుంది. అందుకే తాత కర్ర పట్టుకుని ముందు నడిచి చూశాడు.

బురద దాటాక బాట ఒక గుట్ట మీదికి పోతున్నది. అంతా రాళ్ళూ, గుండ్లూ. గుట్ట మొదట్లో, చదునుగా ఉన్న చోట, తాత మళ్ళీ బండి ఆపాడు. కాలితో బ్రేకు నొక్కి పట్టి, చేతిబ్రేకు కూడా లాగాడు. అప్పుడు క్లచ్చి నొక్కి, పొట్టి కడ్డీని 4హెచ్ నుంచి ఎన్ మీదుగా 4ఎల్‌లోకి తెచ్చాడు. దీపం వెలిగిందా లేదా అని చూశాడు. మొదటి గేరు వేసి, బండి అరంగుళం కదిలించి, బలం అందుతున్నదని నిశ్చయం చేసుకున్నాడు.

"ఎవరూ మాట్లాడకండి, ఈ ఒక్క సంగతీ జాగ్రత్తగా వినండి," అన్నాడు తాత. "4హెచ్‌కూ 4ఎల్‌కూ నడుమ ఎన్ అనే గుర్తు చూశారా? కడ్డీ అక్కడ ఉన్నంత సేపూ ఇంజనుకూ చక్రాలకూ సంబంధమే ఉండదు. అప్పుడు బండి మొదటి గేరులో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆటోమేటిక్ బండిలో 'పార్కు' గుర్తు మీద పెట్టినా ఆగదు. చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. ఏటవాలు మీద ఈ మార్పు చేస్తూ, గేరు ఉందిలే అని బ్రేకు వదిలినవాడి బండి వెనక్కు పోయి లోయలో పడుతుంది. వెనక నిలబడి ఉన్నవాళ్ళ మీదికి పోతుంది. కనక ఈ మార్పు ఎప్పుడూ చదును నేల మీదే చెయ్యాలి. బండి పూర్తిగా ఆగాలి. రెండు బ్రేకులూ పట్టి ఉండాలి. బండికి ముందూ వెనకా మనుషులు ఉండకూడదు."

4ఎల్‌లో జీపు మనిషి నడక కన్నా నెమ్మదిగా గుట్ట ఎక్కసాగింది. బండి బండిని బట్టి, 4ఎల్‌లో చక్రాల వేగం రెండు, రెండున్నర రెట్లు తగ్గుతుంది. వాటిని తిప్పే బలం దాదాపు అంతే పెరుగుతుంది. గునపంతో గుండును లేపటం మీరు చూసే ఉంటారు. గునపం పిడి మూరెడు కిందికి దిగితే గుండు బెత్తెడే లేస్తుంది. దూరం తగ్గింది గాని బలం హెచ్చింది. ఇదీ అంతే.

గుట్ట అవతలి పక్క దిగటం ఎక్కటం కన్నా కష్టం. తాత జీపును తిన్నగా పల్లం వైపు పెట్టాడు. అడ్డంగా పోతే బండి పక్కకు దొర్లే ప్రమాదం ఉన్నది. 4ఎల్, మొదటి గేరు. క్లచ్చి మీద కాలు పెట్టనే లేదు. ఇంజనే చక్రాలను పట్టి ఉంచుతూ జీపును ఒక్కొక్క రాయి మీది నుంచీ మెల్లగా దించింది.

గుట్ట దిగి, చదును మీద ఆపి, తాత కడ్డీని తిరిగి 4హెచ్‌కు మార్చాడు. కొంతదూరం పోగా బాటకు అడ్డంగా ఒక వాగు వచ్చింది. ఇలాంటి వాగుల నీరే మూసీని నింపుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఇటుగా తూర్పుకు పోయి గండిపేట చెరువులో చేరుతుంది. వాగు మీద ఎత్తులేని చిన్న వంతెన ఉన్నది. దాని మీది నుంచి ఎర్రటి నీరు ఉరకలు వేస్తూ పోతున్నది. అవతలి ఒడ్డున మర్రిచెట్టు నీడ. అక్కడ కూర్చుని సద్ది తినాలని పిల్లలు పొద్దుటి నుంచీ అనుకుంటున్నారు.

తాత జీపు ఆపి, ఇంజను కట్టేశాడు.

"పోదాం తాతా! నాలుగు చక్రాలూ లాగుతున్నాయి కదా," అన్నారు పిల్లలు.

"లాగుతాయి నాయనా, నేలను నొక్కి పట్టినంత సేపూ!" అన్నాడు తాత. "ఒక లెక్క చెబుతాను. మన జీపు, మనమూ కలిసి సుమారు 2,000 కిలోలు. బండి అడుగుభాగం 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు అనుకోండి. నీరు అడుగుభాగం దాటి 10 సెంటీమీటర్లు పైకి వస్తే, బండి ఎంత నీటిని తోసేస్తుంది?"

పెద్ద తరగతి పిల్ల ఒకతె వేళ్ళు మడిచి, "450 లీటర్లు," అన్నది.

"అంటే 450 కిలోల నీరు. ఆర్కిమెడీస్ చెప్పినట్టు బండి బరువు అంత తగ్గినట్టే. నీరు 40 సెంటీమీటర్లు పైకి వస్తే 1,800 కిలోలు తగ్గుతాయి. ఇక చక్రాలు నేలను నొక్కేది 200 కిలోల బరువుతోనే. ఆ మీద వరద పక్క నుంచి తోస్తుంది. పడవకు నాలుగు చక్రాలుంటే ఏం, నలభై ఉంటే ఏం? పైగా ఈ ఎర్రనీటి అడుగున వంతెన ఉన్నదో, కొట్టుకుపోయిందో ఎవరికి కనిపిస్తుంది? పారని నీళ్ళయితే కర్రతో లోతు చూసి ఆలోచించవచ్చు. ఇలా పారే నీళ్ళలోకి మాత్రం దిగేది లేదు."

తాత మాట వట్టి పిరికితనం కాదు. ఈ మూసీయే 1908 సెప్టెంబరు 28న పొంగి హైదరాబాదులో వేలమంది ప్రాణాలు తీసింది. మళ్ళీ అలాంటి ఆపద రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఇచ్చిన సలహా ప్రకారం మూసీ మీద గండిపేట చెరువు, అనగా ఉస్మాన్‌సాగర్, 1920లోనూ, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తి అయ్యాయి. పెద్ద నదికి కట్ట వేశారు గాని, ప్రతి చిన్న వాగుకూ కట్ట ఉండదు. ఈనాటికీ వానాకాలంలో మన రాష్ట్రాల్లో వాగు దాటబోయి బండ్లతో సహా కొట్టుకుపోయేవాళ్ళ వార్తలు వస్తూనే ఉన్నాయి. వాళ్ళలో చాలామంది, "ఇంతే కదా నీళ్ళు," అనుకున్నవాళ్ళే.

పిల్లలు చిన్నబుచ్చుకున్నా, సద్ది ఇవతలి ఒడ్డునే, ఒక వేపచెట్టు కింద తిన్నారు. తరువాత తాత గుట్టను తప్పించి చల్క బాట మీదుగా జీపును వెనక్కు తిప్పాడు. ఒక చోట బాట మధ్యలో బురదగుంట ఉన్నది. పక్కన చేలో అప్పుడే మొలకెత్తిన విత్తనాలు. చేలోంచి పోతే సులువే, కాని తాత అలా పోలేదు. "గుంటలో పోతే మన బండికి బురద అంటుతుంది, కడుక్కుంటే పోతుంది. చేలో పోతే రైతు కష్టం పోతుంది. దాన్ని దేనితో కడుగుతాం?" అన్నాడు.

తారు రోడ్డు రాగానే తాత చేసిన మొదటి పని, పొట్టి కడ్డీని తిరిగి 2హెచ్‌లోకి జరపటం. అయితే, కడ్డీ కొంచెం బిగుసుకున్నది. తాత దాన్ని బలవంతంగా గుంజలేదు. బండిని తిన్నగా నాలుగు గజాలు వెనక్కు పోనిచ్చి, మళ్ళీ జరిపాడు. కడ్డీ సులువుగా వచ్చింది. దీపం ఆరింది.

"ఎందుకు బిగుసుకుంది? నాలుగు చక్రాలూ మంచి రోడ్డు మీద కూడా పనిచేస్తే ఇంకా మంచిదే కదా?" అని పిల్లలు అడిగారు.

ఈ ప్రశ్న చాలామంది పెద్దవాళ్ళకు కూడా వస్తుంది. మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాల కన్నా ముందు చక్రాలు పెద్ద వృత్తం మీద పోతాయి. రెండు ఇరుసుల నడుమ దూరం రెండున్నర మీటర్లు అనుకోండి. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం మీద తిరిగితే, ముందు ఇరుసు మధ్యభాగం తిరిగే వృత్తానికి వ్యాసార్ధం సుమారు 5.6 మీటర్లు ఉంటుంది. ఒక చుట్టు పూర్తయ్యే సరికి వెనకది సుమారు 31 మీటర్లు పోతే, ముందుది సుమారు 35 మీటర్లు పోవాలి. కాని ఇలాంటి జీపులో 4హెచ్ వేసినప్పుడు ముందు వెనకలు రెండూ ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోతాయి. బురదలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి రోడ్డు మీద జారటానికి వీలులేదు గనక, ఆ తేడా అంతా ఇనుప కడ్డీలను తాడు పురి పెట్టినట్టు మెలిపెడుతుంది. టైర్లు అరుగుతాయి, స్టీరింగు మొరాయిస్తుంది, చివరికి లోపలి భాగాలు విరుగుతాయి. కొన్ని కొత్త రకాల బండ్లలో ముందు వెనకల నడుమ కూడా ఒక డిఫరెన్షియల్ ఉండటం చేత అవి ఏ రోడ్డు మీదైనా నాలుగు చక్రాలతో పోగలవు. మన బండి ఏ రకమో దాని పుస్తకమే చెబుతుంది.

ఇంకొక భ్రమ కూడా ఉన్నది. నాలుగు చక్రాలూ లాగే బండి త్వరగా ఆగుతుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఏ కారులోనైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఫోర్ వీల్ డ్రైవు బండిని కదిలించటానికి సాయం చేస్తుంది గాని, ఆపటానికి కాదు. తడి రోడ్డు మీద జీపు కూడా మామూలు కారులాగే జారుతుంది.

ముందు చక్రాల వృత్తం పెద్దదన్న మాట నిజమో కాదో మీరే మీ ఇంటి దగ్గర చూడవచ్చు. సైకిలు చక్రాలు రెండూ నీళ్ళతో తడిపి, పొడిగా ఉన్న సిమెంటు నేల మీద దాన్ని నడిపిస్తూ గుండ్రంగా తిప్పండి. నేల మీద రెండు తడి గీతలు పడతాయి. బయటి గీత ఏ చక్రానిదో, లోపలి గీత ఏ చక్రానిదో కనిపెట్టండి. ఆ రెండు గీతల పొడవునూ దారంతో కొలిచి, ఎంత తేడా వచ్చిందో మీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తేడాయే తాత చేతిలో కడ్డీ బిగుసుకోవటానికి కారణం.